చంటిబిడ్డయు, చదువుల బడియు

బళ్ళారి తెలుగువారి సంచిక యనగానే పాఠకులు రాఘవ నటనమును గూర్చియో, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకములను గూర్చియో, కోలాచలము శ్రీనివాసరావుగారిని గూర్చియో నాలుగు మాటలుండునని యెదురుచూతురు. ఆ మహనీయులను గూర్చి వ్రాయదగినవారు మన సంఘమున పలువురు కలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, గుమాస్తాగిరిలో తల నెరసి, విశ్రాంతి గైకొన్నవారము. మేమెత్తుకొన్న విషయము చిన్నది, అది చంటిబిడ్డ. బిడ్డ పెరుగు విధమును, బిడ్డను పెంచు విధమును బడిలో, ఒక్క పాఠమున గాక అన్ని పాఠములలోను, ఆడపిల్లలకును మగపిల్లలకును నేర్పుట ధర్మమా కాదా యన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న వినగానే నవ్వువారు కలరు. "మన అమ్మలు, అవ్వలు ఏ బడికి పోయి బిడ్డలను పెంచిరండీ?" అని మిత్రులొకరు మమ్మడిగిరి. వారికి జవాబు చెప్పుటకు ముందు వారి మాటలోని సత్యమును ఒప్పుకొనవలెను. అవ్వలకు తెలిసినది సామాన్యమైన విద్య కాదు. బిడ్డ నవ్వినపుడు నువ్వుండలు, బోర్లపడినపుడు బొబ్బట్లు, గడప దాటినపుడు గారెలు, అడుగు వేసినపుడు అరిసెలు, పలుకు వచ్చినపుడు పంచదార చిలుకలు పంచుట తెలుగిండ్ల వేడుక. ప్రాసకొరకు పుట్టిన ముచ్చటయని పైకి తోచును. కాని దానిలో ఒక క్రమము కలదు. ఆరు వారములు మొదలు రెండు నెలలలోపల బిడ్డ మనిషి ముఖము చూచి నవ్వుననియు, మూడు నాలుగు నెలలకు మెడ నిలుపుననియు, ఏడాదికి కాస్త అటు ఇటుగా అడుగు వేయుననియు నేటి శిశువైద్యులు పట్టిక వ్రాసి గోడకు తగిలింతురు. మన అవ్వ ఆ పట్టికను పిండివంటలతో వ్రాసికొనెను. "నువ్వుండలింకను పంచలేదేమమ్మా?" అని పొరుగింటామె యడిగెననగా, బిడ్డ ఇంకను నవ్వలేదేమని పరీక్షించుటయే. బొబ్బట్లను మా సరిహద్దున ఓళిగలందురు. ప్రాస చెడినను రుచి చెడలేదు.

అయినను ఆ విద్యతోపాటు కొంత కీడును కలిసి వచ్చెను. ఆవు ఈనినచో మొదటి పాలకొరకు వీధివారెల్లరు గిన్నెలు పట్టుకొని వత్తురు. తెలుగువారు జున్నందురు, కన్నడిగులు గిణ్ణందురు. అదే యింట తల్లి ప్రసవించినచో ఆమె ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయుట మేమెరుగుదుము. రోగమును ఎదుర్కొను శక్తి నిచ్చు పదార్థములు మెండుగానున్న ఆ పచ్చని పాలు నేలపాలు చేసి, బిడ్డ నాలుకపై తేనె రాయుదురు. ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదు. దానిలో ఒకానొక సూక్ష్మజీవి బీజములుండి శిశువు ప్రేవులలో విషమును పుట్టించుట కలదు. ఇక మా బళ్ళారి యెండ సంగతి. ఇక్కడ రెండే ఋతువులు, ఎండకాలమును మండుటెండకాలమును అని పరిహాసము. ఈ యెండలో పసిగొంతు తడుపక యెట్లని నెలల బిడ్డకు నీళ్ళు పోయుదురు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీరే. ఆరు నెలలు నిండువరకు ఎట్టి యెండలోనైనను బిడ్డకు వేరు నీరక్కరలేదు. పోసిన నీటి వెంట రోగము కూడ లోనికి పోవచ్చును.

ఇవన్నియు మాకెట్లు తెలిసినవని పాఠకులడుగవచ్చును. ఆలస్యముగా తెలిసినవి. 1990 వేసవిలో మా రెండవ బిడ్డకు ఎనిమిది నెలలు. విరేచనములు పట్టుకొనెను. లంఖణము పరమౌషధమని యింటి పెద్దలనిరి. పాలిచ్చిన పాలే పోవునని పాలు మాన్పించిరి. నీరిచ్చిన ఎక్కువగునని నీరు మాన్పించిరి. మేము అడ్డు చెప్పలేదు. మా పెద్దమ్మాయికి అప్పుడు తొమ్మిదేండ్లు. తల్లికి ఒంట్లో బాగుండనందున, చెల్లెలి నెత్తుకొనుటకని దానిని ఆ యేడు పలుమార్లు బడి మాన్పించియుంటిమి. రెండవనాటి సాయంకాలము మేము కచేరీనుండి వచ్చి చొక్కా విప్పుచుండగా అది దగ్గరకు వచ్చి, "నాయనా, పొద్దన్నించి పాపకు కట్టిన గుడ్డ ఒగటీ తడవలేదు" అనెను. విరేచనములు కట్టినవేమో, మంచిదేగదా అంటిమి. "మాడు గూడ గుంత పడింది నాయనా" అని మరల అనెను. "నీకేం తెలుసు, పోయి చదువుకో" అంటిమి. మరునాడు తెల్లవారకమునుపే ఆసుపత్రికి ఎత్తుకొని పరుగెత్తితిమి గాని, అప్పటికే వేళ మించిపోయెను.

ఉప్పు, చక్కెర నీటిలో కరగినచో ద్రావణమగునని మేము ఉన్నత పాఠశాలలో చదివితిమి. సంతృప్త ద్రావణమునకు నిర్వచనము వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. ఒక లీటరు శుభ్రమైన నీటిలో, చెంచా అంచునకు సమముగా కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెరయు అర చెంచా ఉప్పును కలిపి, తల్లిపాలు మాన్పక, కొద్దికొద్దిగా త్రాగించినచో విరేచనముల బిడ్డ నిలుచునని ఆ పాఠమున లేదు. చక్కెర ప్రేవుల గోడగుండ ఉప్పును లోనికి కొనిపోవును. ఆ రెంటి వెంట నీరు పోవును. ఇంతియే అందలి మర్మము. 1971లో బంగ్లాదేశమునుండి వచ్చిన కాందిశీకుల నడుమ, బనగాఁవ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీసు ఈ నీటితోనే కలరాను ఎదుర్కొనెను. రోగులలో నూటికి 30 మంది పోవుచున్నచోట ఆ సంఖ్య నాలుగునకు లోపడెను. మా బిడ్డ పోవునాటికి ఆ వార్తకు పందొమ్మిదేండ్లు నిండినవి. అది మా గడప దాటలేదు. కాదు, తప్పు చెప్పితిమి. మర్మములో సగము మా పుస్తకమున ఉప్పునీటి నిర్వచనముగా నుండెను. రెండవ సగము, అనగా తడవని గుడ్డయు గుంతపడిన మాడును, మా పెద్దమ్మాయి చేతులలో నుండెను. ఒకే యింట నుండియు ఆ రెండును కలియలేదు.

అప్పుడు మేము జనన మరణముల పుస్తకములు వ్రాయు బల్లయొద్ద నుంటిమి. ఆ బిడ్డ పేరును ప్రక్క బల్ల గుమాస్తా వ్రాసెను.

ఆనాటినుండి మమ్ము విడువని ప్రశ్న వైద్యమును గూర్చినది కాదు. ఏది తెలివి, ఏది కాదు అని నిర్ణయించువారెవరు? మా పెద్దమ్మాయి బడికి పోని దినములలో హాజరుపట్టీలో దాని పేరునకెదురుగా గైర్హాజరని పడెను. ఆ దినములలో అది నేర్చినది ఎక్కడను పడలేదు. బిడ్డ దినమునకు ఆరు గుడ్డలైనను తడిపినచో పాలు చాలుచున్నవని యర్థము. ఇది వైద్యులు తల్లులకు చెప్పు లెక్క. తొమ్మిదేండ్ల పిల్ల ఆ లెక్కను తానుగా పట్టుకొనెను. ఆ లెక్క బడిలో చెప్పిన లెక్కయై యుండినచో తండ్రి చెవినొగ్గెడివాడని మేము నేటికిని నమ్ముచున్నాము. బడి పిల్లకు తెలివి నిచ్చుట ఒక యెత్తు. పిల్లకున్న తెలివికి ఇంట విలువ తెచ్చుట మరియొక యెత్తు.

ఇట్టి పిల్లలను గూర్చి ఆలోచించినవారు లోకమున లేకపోలేదు. 1910 ప్రాంతమున న్యూయార్కు నగరమున డాక్టరు జోసెఫిన్ బేకర్ అనునామె, పేదయిండ్లలో తల్లులు పనికి పోగా పసివాండ్రను మోయు పన్నెండేండ్ల బాలికలను చూచి, వారికొరకు చిట్టితల్లుల సంఘములను స్థాపించెను. పాలు కాచుట, నీళ్ళు పోయుట, గుడ్డలు కట్టుట వారికి నేర్పెను. వారి ద్వారా తల్లులును నేర్చిరి. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరమునకు సన్నాహముగా లండనులో డాక్టరు డేవిడ్ మోర్లీ మొదలగువారు, పెద్దపిల్లల ద్వారా చిన్నపిల్లల ఆరోగ్యమును కాపాడు పద్ధతి యొకటి ఆరంభించిరి. అది పలు దేశముల బడులకు వ్యాపించెను. 1996లో కెనడాలోని టొరంటోలో మేరీ గోర్డన్ అనునామె చేసిన పని ఇంకను విచిత్రమైనది. ఆమె పసిబిడ్డనే తరగతికి రప్పించెను. ఇరుగుపొరుగున నుండు తల్లియో తండ్రియో నెలల బిడ్డను తెచ్చి పచ్చని కంబళిపై కూర్చుందురు, చుట్టును పిల్లలు. ఏడాదిలో తొమ్మిది మారులు అదే బిడ్డ వచ్చును. ఈమారు ఎంత తూగునో పిల్లలు ముందుగా ఊహించి లెక్కవేయుదురు, ఏడ్చినచో ఏల యేడ్చుచున్నదో ఆలోచింతురు, ఆ బిడ్డను గూర్చి బొమ్మలు గీయుదురు. ఆ తరగతికి గురువు ఆ బిడ్డయే.

ఇక్కడ మా మిత్రుల రెండవ ఆక్షేపణ వచ్చును. ఇది మొదటిదానికన్న బలమైనది. "ఇప్పటికే ఇంటి పెద్దపిల్ల నడుము బిడ్డను మోసి వంగిపోవుచున్నది. బడికి వచ్చిన ఆ నాలుగు గంటలైనను దానికి ఆ బరువు తప్పవలదా? బడిలోను అదే పాఠమందురా?" అని వారందురు. ప్రత్తి తీయు దినములలో, మిరపకాయ కోత దినములలో మా జిల్లా చేలగట్లపై చూచినవారికి ఈ మాట గుండెకు తగులును. కూలిపోయిన తల్లి వచ్చువరకు చెట్టునీడన తమ్ముని ఉయ్యాల యూపు పిల్లకు ఎనిమిదేండ్లుండును. న్యూయార్కు చిట్టితల్లులకు పాఠము చెప్పిన ఆ వైద్యురాలు మహోపకారి యే గాని, బిడ్డను మోయుట బాలిక పాలిటి పనియే యన్న మాటను ఆ సంఘములు కదలింపలేదు. మన దేశమునను అంతే జరిగెను. 1952-53 నాటి ముదలియారు కమిషను ఉన్నత పాఠశాలలలో ఐచ్ఛిక విషయములను ఏడు శాఖలుగా విభజించి, అందు గృహవిజ్ఞానమును ఒకటిగా పెట్టెను. ఆచరణలో అది ఆడపిల్లల గది ఆయెను. 1960 దశకారంభమున హంసా మెహతా అధ్యక్షతన కూర్చున్న సంఘము బాలురకొక చదువు బాలికలకొక చదువు అను భేదము కూడదని చెప్పెను. కొఠారీ కమిషను దానిని బలపరచెను. కాగితముపై భేదము పోయినది. చంటిబిడ్డను గూర్చిన పాఠము మాత్రము మగపిల్లల వైపునకు జరుగలేదు. బిడ్డకు తండ్రి లేడా?

కాబట్టి మిత్రుల ఆక్షేపణకు మా జవాబిది. పాఠము ఆడపిల్లకు మాత్రమే చెప్పినచో వారి మాట నిజము. అది బరువుమీద బరువు. తరగతిలోని నలుబదిమందికిని, లెక్కలలోను, విజ్ఞానములోను, భాషలోను చెప్పినచో అది ఒక పిల్ల బరువు కాదు, అందరి విద్య. అన్ని పాఠములలోను అనుటకు కారణమిదియే. గృహవిజ్ఞానమని ప్రత్యేకముగా గది కట్టితిమా, మరల ఆ గదిలోనికి ఆడపిల్లలనే పంపుదుము. లెక్కల గంటను ఏ మగపిల్లవాడును తప్పించుకొనలేడు. ఒక పనిని ఆసరాగొని అన్ని పాఠములు నేర్పు పద్ధతి మనకు కొత్తయును గాదు. 1937లో వార్ధాయందు గాంధీగారు ప్రతిపాదించిన నయీ తాలీము అదియే; రాటమునుండి లెక్కలు, భూగోళము పుట్టవలెననిరి. 1945 నాటికి ఆ విద్య ఏడేండ్ల లోపు శిశువులకును, వయోజనులకును గూడ చెందవలెనని విస్తరింపజేసిరి. రాటమునుండి పుట్టు లెక్కలు ఉయ్యాలనుండి పుట్టవా?

మా జిల్లాలో ప్రతి గర్భిణికిని తాయి కార్డు ఇత్తురు. అందు బిడ్డ బరువు నెలనెల చుక్కగా పెట్టి గీత కలుపు పట్టిక యుండును. అది చాల యిండ్లలో ట్రంకుపెట్టె యడుగున చీరల మడతలలో నుండును. అడ్డుగీత నెలలు, నిలువుగీత కిలోలు. దీనికన్న మంచి రేఖాచిత్రపు పాఠమేది? మూడు కిలోల బిడ్డ అయిదు నెలలకు రెట్టింపై ఏడాదికి మూడురెట్లగును. తరువాత ఆ వేగముండదు, ఉన్నచో నాలుగేండ్లకు మనిషి ఏనుగగును. వేగము తగ్గుటయనగా నేమో, తరుగుటయనగా నేమో ఈ గీతపై వ్రేలు పెట్టి చూపవచ్చును. ఆ పట్టికలోని ప్రామాణిక రేఖల కథ సాంఘికశాస్త్రమునకు తగును. 2006లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వానిని ప్రకటించుటకు ముందు బ్రెజిలు, ఘానా, భారతదేశము, నార్వే, ఒమాను, అమెరికా అను ఆరు దేశములలో బిడ్డలను కొలిచిరి. మన ఢిల్లీ బిడ్డలును అందుండిరి. తల్లిపాలు, శుభ్రత, వైద్యము సరిగా అందిన చోట ఆరు దేశముల బిడ్డలును దాదాపు ఒకే తీరున పొడవు సాగిరి. మన బిడ్డలు పొట్టిగానుండుట జాతిలక్షణమని చెప్పి తప్పించుకొనుటకు ఇక వీలు లేదు.

భాషాపాఠమునకు వత్తము. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కిన బళ్ళారి జిల్లా మైసూరునకును పోయినపుడు పడిన గీత ఊళ్ళ నడుమ పడినది గాని ఉయ్యాలల నడుమ పడలేదు. మా యిండ్లలో తల్లి తెలుగున జోల పాడును, పొరుగింటి అజ్జి కన్నడమున జోగుళ పాడును, ఎదురింటినుండి ఉర్దూ వినవచ్చును. ఇన్ని భాషలు చెవిని పడినచో బిడ్డకు మాట ఆలస్యమగునని భయపడువారు కలరు. 1984లో కెనడాలోని వాంకూవరులో జానెట్ వర్కరు, రిచర్డు టీసు అను పండితులు చేసిన పరీక్ష వినదగినది. ఇంగ్లీషు ఇండ్లలోని ఆరేడు నెలల పసివాండ్రు హిందీలోని 'త'కారమునకును 'ట'కారమునకును గల భేదమును పోల్చిరి. అదే ఇండ్లలో ఏడాదికి దగ్గరపడిన బిడ్డలు పోల్చలేకపోయిరి. పుట్టునప్పుడు చెవి లోకములోని భాషలన్నిటికిని తెరచియుండి, వినని భాషకు క్రమముగా మూసికొనునన్నమాట. మా సరిహద్దు బిడ్డ చెవి రెండు మూడు భాషలకు తెరచియే యుండుట వానికి నష్టమెట్లగును? వర్ణోత్పత్తిస్థానములు చెప్పునప్పుడు తెలుగు పంతులుగారు ఈ ఒక్క మాట చెప్పినచో పిల్లలు 'త', 'ట'లను జన్మములో మరువరు. చరిత్ర, చిత్రలేఖనముల సంగతి ఆయా గురువులకే విడిచెదము.

విజ్ఞానపాఠమున ఒక్కటి మాత్రము చెప్పక తప్పదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1940 దశకమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆ పదార్థము గర్భారంభమునకు ముందే తల్లి శరీరమున చాలినంత యుండినచో బిడ్డ వెన్నుపాము లోపములు చాలవరకు తప్పునని 1991లో ఒక పరీక్ష తేల్చెను. ఇందు గమనింపదగిన దేమనగా, ఆ వెన్నుగొట్టము గర్భము నిలిచిన నాలుగు వారములలోపలనే మూసికొనును. అప్పటికి తల్లికి తాను గర్భిణియను సంగతియే తెలిసియుండకపోవచ్చును. ఆసుపత్రి గడప తొక్కిన పిదప చెప్పినచో ఆలస్యము. ముందుగా చెప్పదగిన చోటు, అందరును వచ్చు చోటు, బడి తప్ప మరియొకటి మాకు తోచలేదు. మా యింటి ఉప్పునీరును అంతే. బిడ్డ సొమ్మసిల్లిన పిదప నేర్చుకొనదగినది కాదు.

"ఎంత చెప్పినను ప్రేమను పాఠముగా చెప్పగలరా?" యన్నది మూడవ ఆక్షేపణ. చెప్పలేరు, చెప్పనక్కరయు లేదు. ఆ రాత్రి మా యింట ప్రేమకు కొదువ లేకుండెను. అందరమును మేలుకొనియే యుంటిమి. లంఖణము పెట్టిన పెద్దలు ఆ బిడ్డను ప్రాణముగా చూచుకొన్నవారే. మాకు లేనిది ప్రేమ కాదు, చూపు; అది నేర్పినచో వచ్చును.

బిడ్డను తరగతికి తెచ్చుటను గూర్చి మాత్రము మా మనస్సు ఇంకను ఊగుచునే యున్నది. తూచిన బిడ్డకు దిష్టి తగులునను తల్లులు మా పల్లెలలో నేటికిని కలరు. అది మూఢనమ్మకమని తేలికగా త్రోసివేయుదుమా? అందులో ఒక న్యాయమున్నదని మాకు తోచును. ఔననుటకును కాదనుటకును నోరు రాని జీవిని నలుగురి నడుమ పెట్టి కొలుచునప్పుడు అది వస్తువుగా మారు ప్రమాదము కలదు. తల్లి తానుగా ఒప్పుకొని, తన యొడిలో నుంచుకొని, బిడ్డ చిరాకుపడినంతనే లేచిపోవు స్వేచ్ఛ యున్నచో టొరంటో పద్ధతి ఇక్కడను చెల్లవచ్చును. లేనియెడల కార్డు చాలును.

కార్డు చాలునని మేమనుటకు ఆధారము కలదు. ఆ నడుమ మాకు పరిచయమున్న ఒక లెక్కల మాస్టరుగారు, మా పోరు పడలేక, ఆరవ తరగతి పిల్లలకు రేఖాచిత్రపు పాఠమున పేరు లేని తాయి కార్డు పట్టిక యొకటి నల్లబల్లపై గీసి చూపిరి. మగపిల్లలు మొదట నవ్విరట. మరునాడు వెనుకబల్ల పిల్లవాడొకడు ఇంటినుండి తన చెల్లెలి కార్డు తెచ్చి, "సార్, మూడు నెలల నుంచి దీంట్లో చుక్కే పెట్టలేదు" అని చెప్పెనట. తల్లికి కూలిపనితో తీరిక దొరకలేదు. ఆ శనివారము వాడే చెల్లెలిని చంకనెత్తుకొని, కార్డు చేతబట్టుకొని అంగనవాడికి పోయి తూపించుకొని వచ్చెనని మాస్టరుగారు మాతో చెప్పిరి. ఈ సంగతి మా పెద్దమ్మాయికి ఫోనులో చెప్పితిమి. అది కాసేపు మాటాడక, "ఎన్ని కిలోలుందంట నాయనా?" అని యడిగెను.